బిట్టును నిలబెట్టి చూడండి
(ఇంట్లో లేతు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: అయ్యా, బ్యాంకులో రిటైరయ్యాక బల్ల మీద పట్టేంత చిన్న లేతు (కడ్డీని తిప్పుతూ కోసే యంత్రం) ఒకటి కొనుక్కున్నాను. చిన్న ఆవిరి ఇంజన్ నమూనా చేయాలని ఎన్నాళ్లనుంచో కోరిక. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లు, అంటే కోత పనిముట్లు, సాన పడుతున్నాను గానీ ఒక వైపు కుదిరితే ఇంకో వైపు చెడుతోంది. కార్బైడ్ ఇన్సర్ట్ (హోల్డర్ కొనకు బిగించే రెడీమేడ్ గట్టి ముక్క) పెడితే లేతు వణుకుతోంది. బిట్టును నిలువుగా పట్టుకునే టాంజెన్షియల్ హోల్డర్ ఒకటి ఉందని విన్నాను. నాబోటివాడికి పనికొస్తుందా?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పనికొస్తుందండి. అసలు అది మీలాంటివారికే ఎక్కువ పనికొస్తుంది.

మీ ఉత్తరం చదవగానే నేను టర్నర్ పని నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. మొదటి కొన్ని నెలలు లేతు ముట్టుకోనివ్వలేదు, సాన ముందు నిలబెట్టి బిట్లు పట్టించారు. ముందు ముఖం, పక్క ముఖం, పై ముఖం మూడు వాలుల్లో రావాలి, మూడూ ఒక్క కొన దగ్గర కలవాలి. రోజుకు పది బిట్లు పట్టేవాడి చేతికి అది దానంతటదే వస్తుంది. నెలకు రెండు ఆదివారాలు లేతు దగ్గర కూర్చునేవారికి రాదు. అందులో మీ తప్పేమీ లేదు.

మామూలు పద్ధతిలో బిట్టు టూల్‌పోస్టులో (బిట్టును బిగించే దిమ్మలో) పడుకుని ఉంటుంది. ఈ పద్ధతిలో దాదాపు నిటారుగా నిలబడుతుంది. గుండ్రటి జాబ్‌కు (కోసే కడ్డీకి) మీవైపున స్పర్శరేఖ (టాంజెంట్) గీస్తే అది నిలువుగా వస్తుంది కదా, బిట్టు ఆ రేఖ వెంట నిలుస్తుంది. అందుకే ఆ పేరు. అయితే పూర్తి నిటారుగా ఉంటే బిట్టు ఒళ్లంతా జాబ్‌కు రాసుకుంటుంది. కాబట్టి హోల్డర్‌లోని గాడి బిట్టు తలను కొంచెం జాబ్ వైపు, కొంచెం చక్ (జాబ్‌ను పట్టి తిప్పే భాగం) వైపు వాల్చి పట్టుకుంటుంది. రెండు వైపులా సుమారు 12 డిగ్రీలు. మీరు సాన మీద తిప్పలు పడి తెచ్చే ముందు వాలు, పక్క వాలు రెండూ హోల్డరే ఇచ్చేసింది. ఇక మీరు పట్టాల్సింది పై ముఖం ఒక్కటే.

ఆ పై ముఖాన్ని మూల నుంచి మూలకు వాలుగా, 30 డిగ్రీలు పట్టాలి. 30 ఎందుకో చెబుతాను, ఇది తెలిస్తే రేపు అవసరాన్ని బట్టి మీరే మార్చుకోగలరు. రెండు వైపులా 12 చొప్పున వాలిన బిట్టును మూలగా చూస్తే ఆ వాలు దాదాపు 17 డిగ్రీలు అవుతుంది. బిట్టు తలను చదునుగా వదిలేస్తే పై ముఖం జాబ్ వైపు 17 డిగ్రీలు కిందికి జారి ఉంటుంది. అలాంటి బిట్టు కోయడం కన్నా నెట్టడం ఎక్కువ. 30 డిగ్రీలు వెనక్కి పడితే అందులో 17 ఈ జారుడుకు పోయి, 13 రేక్‌గా (పై ముఖం కొన నుంచి వెనక్కి వాలే కోణంగా) మిగులుతుంది. ఇనుము, అల్యూమినియం రెండింటికీ అది హాయిగా నడిచే కోణం. అలా పట్టిన ముఖం పేకముక్క మీది డైమన్ గుర్తులా కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో ఎక్సెంట్రిక్ ఇంజినీరింగ్ అనే సంస్థ అమ్మే హోల్డర్‌కు డైమండ్ అని పేరు పెట్టింది ఆ ఆకారం చూసే.

లేతు వణుకు గురించి అడిగారు. కార్బైడ్‌కు వేగం కావాలి, గట్టి యంత్రం కావాలి. మీ చిన్న లేతు మోటారు దానికి చాలదు. పైగా పడుకున్న బిట్టు కొన మీద కోత భారం పడితే అది దూలంలా వంగుతుంది. నిలబెట్టిన బిట్టు మీద పడ్డ భారం నిట్రాట మీద పడ్డట్టు నిలువునా కిందికి దిగిపోతుంది. పూరింట్లో పెరిగినవారికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు. అయితే హోల్డర్‌నే టూల్‌పోస్టు బయటికి పొడుగ్గా లాగి పెడితే అదీ దూలమే అవుతుంది, వీలైనంత లోపలికి పెట్టండి.

నాకు ఈ హోల్డర్ మీద మమకారం కలిగించింది ఇంకొకటి ఉంది, ఎత్తు. బిట్టు కొన సరిగ్గా సెంటరు ఎత్తుకు (జాబ్ నడిమధ్య ఎత్తుకు) రావాలని కూల్‌డ్రింక్ డబ్బాల రేకు ముక్కలు, బ్లేడు ముక్కలు కింద పెట్టి ఎంతమంది సతమతమవుతారో నాకు తెలుసు. ఇక్కడ బోల్టు వదులు చేసి, బిట్టును పైకో కిందికో జరిపి, మళ్లీ బిగిస్తే చాలు. సరిచూడటానికి బిట్టు కొనకూ జాబ్‌కూ మధ్య సన్నటి స్టీలు స్కేలు పెట్టి మెల్లగా నొక్కండి. స్కేలు నిటారుగా నిలిస్తే సరి. పై అంచు మీవైపు వాలితే కొన కిందికి ఉంది, జాబ్ వైపు వాలితే పైకి ఉంది. ఒకసారి సరిగ్గా కుదిరాక ఆ ఎత్తుకే ఒక కడ్డీ ముక్క టర్న్ చేసి క్రాస్‌స్లయిడ్ (బిట్టును ముందుకూ వెనక్కూ జరిపే పలక) మీద నిలబెట్టే గేజుగా దాచుకోండి. తర్వాత స్కేలు కూడా అక్కర్లేదు.

వేగం మితంగా ఉంచండి. మెత్తటి ఇనుమును హెచ్‌ఎస్‌ఎస్‌తో నిమిషానికి 30 మీటర్ల లెక్కన కోయవచ్చు. అంటే 20 మిల్లీల కడ్డీకి నిమిషానికి సుమారు 480 చుట్లు. మీ ఇంజన్ సిలిండరు పోత ఇనుముదైతే ఇంకా తగ్గించండి. పోత ఇనుము పై పొర గట్టిగా, ఇసుకతో ఉంటుంది, మొదటి కోతే దాని కిందికి దిగేటట్టు లోతుగా తీయండి. పైపైన గీకితే పదును ఒక్క నిమిషంలో పోతుంది.

ప్రశ్న: మాస్టారూ, నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా నాన్నగారి షెడ్డులో పాత లేతు, డ్రిల్లింగ్ మిషన్, బెంచ్ గ్రైండర్ ఉన్నాయి. మిల్లింగ్ మిషన్ (గాడులు కోసే యంత్రం) లేదు. టాంజెన్షియల్ హోల్డర్ నా చేత్తో నేను చేసుకోవాలని ఉంది. రెండు వైపులా వాలిన గాడిని మిల్లింగ్ లేకుండా తీయొచ్చా?
– పటమట, విజయవాడ

జవాబు: తీయొచ్చు అమ్మాయ్. హ్యాక్‌సా, ఆకురాయి, ఓపిక ఉంటే చాలు. ఈ ప్రశ్న ఒక అమ్మాయి నుంచి రావడం నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ముందు ఒక మాట. ఇనుము ముట్టుకోకముందు బట్టల సబ్బు ఒకటి తీసుకుని, హోల్డర్ కొలతకు కోసి, గాడిని చాకుతో తవ్వు. అందులో ఒక అగ్గిపుల్ల గుచ్చి నాన్నగారి లేతు టూల్‌పోస్టు దగ్గర పట్టుకుని చూడు. నేను చేసిన మొదటి హోల్డర్‌లో గాడి కుడివైపు వాలింది. కాగితం మీద బొమ్మను ముందు నుంచి గీసి, ఇనుము మీద వెనక నుంచి గుర్తు పెట్టాను. రెండు రోజుల పని పోయింది. లేతు ముందు నువ్వు నిలబడినప్పుడు బిట్టు తల నీకు దూరంగా జాబ్ వైపుకీ, నీ ఎడమకు చక్ వైపుకీ వాలాలి. సబ్బు మీద అది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

20 మిల్లీల చదరపు మైల్డ్ స్టీల్ కడ్డీ 90 మిల్లీల పొడవున తీసుకో. ఆటోనగర్ పాత ఇనుము కొట్లలో తూకానికి దొరుకుతుంది. బిట్టు రెండు నూళ్లది, అంటే పావు అంగుళానిది తీసుకుందాం. అట్టముక్క మీద 100 మిల్లీల పొడవుకు 21 మిల్లీల ఎత్తు వచ్చేలా త్రికోణం కోసుకో, అదే నీ 12 డిగ్రీల గేజు.

కడ్డీ ముందు ముఖాన్ని ఆ గేజు ప్రకారం కోసి అరగదియ్యి, పై అంచు ముందుకు రావాలి, కింది అంచు వెనక్కి పోవాలి. అంతటితో ఒక వాలు అయిపోయింది. ఇప్పుడు ఆ వాలు ముఖం మీద గాడి గీతలు గియ్యి. ఎడమ అంచు నుంచి పైన 4 మిల్లీలు, కింద 8 మిల్లీల పైచిలుకు వచ్చేలా గీస్తే రెండో వాలు కూడా వచ్చేసినట్టే. చూశావా, రెండు వాలుల గాడి అంటే భయపడ్డావు గానీ వాలు ముఖం మీద వాలుగా గీసిన గాడి తప్ప అందులో ఇంకేమీ లేదు. గీతల లోపలి పక్కన హ్యాక్‌సాతో రెండు కోతలు పెట్టి, మధ్యలోది సన్నటి ఉలితో తీసేసి, చదరపు ఆకురాయితో సాపు చెయ్యి. లోతు ఐదున్నర మిల్లీలు చాలు. బిట్టు ముందు ముఖం గాడి కన్నా ఇంచుమించు మిల్లీ బయటికి ఉండాలి, లేకపోతే హోల్డర్ ముందు వెళ్లి జాబ్‌కు తగులుతుంది. గాడి అడుగు మాత్రం అద్దంలా చదునుగా ఉండాలి. బిట్టు ముఖానికి ఇంకు రాసి గాడిలో రుద్ది చూడు, ఇంకు అంటిన చోటే అరగదియ్యి. పని కుదురుతుందా లేదా అనేది ఇక్కడే తేలిపోతుంది. తొందరపడకు.

బిగింపుకు గాడి అడుగు మధ్య నుంచి వెనక్కి 25 మిల్లీలు హ్యాక్‌సాతో నిలువు చీలిక పెట్టు, దానికి రెండు వైపులా మిగిలేవే బుగ్గలు. గాడి వెనక 10 మిల్లీల దగ్గర ఆ చీలికకు అడ్డంగా 5 మిల్లీల రంధ్రం వెయ్యి. ఎడమ బుగ్గలో ఎం6 ట్యాప్ కొట్టి (6 మిల్లీల బోల్టుకు మర తీసి), కుడి బుగ్గలో రంధ్రాన్ని ఆరున్నరకు పెంచు. అలెన్ బోల్టు తల కుడివైపే ఉండాలి, ఎడమవైపు పెడితే చక్‌కు, జాబ్ ముఖానికి తగిలే ప్రమాదం. బోల్టు బిగిస్తే రెండు బుగ్గలూ దగ్గరకొచ్చి బిట్టును పట్టేస్తాయి.

ఇక చాలామంది వదిలేసే సంగతి. ఎడమ బుగ్గ మందం వల్ల జాబ్ మీద మెట్టు దగ్గరికి వెళ్లినప్పుడు బిట్టు కొన కన్నా ముందు బుగ్గ తగులుతుంది. అందుకని ఆ బుగ్గ పైభాగాన్ని వాలుగా అరగదీసి, కొన నుంచి కిందికి గీత గీస్తే దానికి లోపలే ఉండేట్టు చెయ్యి. చివరగా వెనక భాగాన్ని మీ టూల్‌పోస్టు పట్టేంత మందానికి తగ్గించు.

సాన పట్టడానికి తుమ్మ చెక్కతో చిన్న దిమ్మ చేసుకో. దాని పై ముఖం రాతివైపు 30 డిగ్రీలు ఎక్కాలి, అంటే 100 మిల్లీలకు 58 మిల్లీల ఎత్తు. ఆ వాలు వెంట వీ ఆకారపు గాడి తవ్వు. అందులో బిట్టు మూల మీద కూర్చుని రాతివైపు ఎక్కుతున్నట్టు ఉంటుంది. పైన కనిపించే మూలే నీ కోత కొన. దిమ్మను గ్రైండర్ రెస్ట్ మీద ఆనించి, బిట్టును మెల్లగా ముందుకు తోస్తే పది సెకన్లలో పదును వస్తుంది. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. హెచ్‌ఎస్‌ఎస్ నీలం తిరిగితే చెడిపోయిందని కంగారు పడకు, కార్బన్ స్టీల్‌లా దాని గట్టిదనం అంత వేడికి పోదు. ఎర్రగా కాగిన బిట్టును మాత్రం నీళ్లలో ముంచకు, పగుళ్లు వస్తాయి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కోత కొన ఉన్న నిలువు అంచును నూనె రాయితో పైనుంచి కింది దాకా ఒకసారి కొద్దిగా గుండ్రం చెయ్యి. ఫినిష్ నున్నగా వస్తుంది. తర్వాత నువ్వు పై ముఖాన్ని ఎన్నిసార్లు పట్టినా ఆ గుండ్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే అది బిట్టు పొడవునా ఉంది. మామూలు బిట్టులో పదును పెట్టిన ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టాలి. నాలుగంగుళాల బిట్టు కొంటే కటింగ్ డిస్కుతో రెండు ముక్కలు చెయ్యి. పూర్తి పొడవుతో పెడితే దాని కాలు, టూల్‌పోస్టు కింద జరిగే కాంపౌండ్ స్లయిడ్‌కు తగులుతుంది.

ప్రశ్న: టాంజెన్షియల్ హోల్డర్ చేసుకున్నాను, ఇనుము మీద వెన్నలా కోస్తోంది. ఇత్తడి మీద మాత్రం బిట్టు ఉన్నట్టుండి లోపలికి దూసుకుపోతోంది. ఒక జాబ్ వంగిపోయింది కూడా. ఎందుకు?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఇత్తడికి రేక్ పనికిరాదు. మీ బిట్టుకున్న 13 డిగ్రీల రేక్ దాన్ని లోపలికి లాగేస్తోంది. పైన బ్రాడీపేట వారికి చెప్పిన లెక్కే ఇక్కడ పనికొస్తుంది. 30 బదులు 17 డిగ్రీలే పట్టండి, రేక్ సున్నాకు వస్తుంది. ఇత్తడికి వేరే బిట్టు పెట్టుకుని, కలిసిపోకుండా దాని కింది కొసకు నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి. నేను అలాగే చేస్తాను. జరిగే భాగాల్లో లూజు ఉన్నా ఇత్తడి బిట్టును లాగుతుంది, క్రాస్‌స్లయిడ్ గిబ్ స్క్రూలు (ఆ లూజు తీసే మరలు) కూడా ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: ఈ హోల్డర్ ఒక్కటి ఉంటే మిగతా టూళ్లు పక్కన పెట్టేయొచ్చా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: లేదండి. జాబ్‌ను తెగ్గోసే పార్టింగ్‌కు పార్టింగ్ బ్లేడు, లోపలి కోతకు బోరింగ్ బార్ ఉండాల్సిందే. మరలు కోయడానికి నేను మామూలుగా పడుకోబెట్టి పట్టిన బిట్టే వాడతాను. టెయిల్‌స్టాక్ సెంటరు (జాబ్ కుడి కొసను ఆనించే మొన) పక్కన సన్నటి జాబ్ చేసేటప్పుడు ఈ హోల్డర్ తల అడ్డు రావచ్చు, మోటారు వేయకముందే చక్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి చూసుకోండి. బయటి టర్నింగ్‌కు, ఫేసింగ్‌కు (కొస ముఖం సాపు చేయడానికి) మాత్రం మా షెడ్డులో టూల్‌పోస్టు మీద రోజూ ఉండేది ఇదే.