ఫిలిప్పీన్స్‌లో ప్రభుత్వం స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నా సైన్స్ చదువు ఎందుకు వెనకబడింది?

స్కాలర్‌షిప్ అందేది కాలేజీలో, పునాది దెబ్బతినేది బడిలో. అదీ అసలు చిక్కు.

1994 నాటి 7687వ చట్టం కింద అక్కడి సైన్స్ శాఖ పరీక్ష పెట్టి, పేదింటి పిల్లలకు సైన్స్, ఇంజనీరింగ్ డిగ్రీలకు నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది. ఎన్నేళ్లు తీసుకుంటే అన్నేళ్లు దేశంలోనే పనిచేయాలి. నన్నడిగితే షరతు న్యాయమైనదే. కానీ ఆ పరీక్ష గట్టెక్కేది కొద్దిమందే.

మిగతావాళ్ల సంగతి చూడండి: దేశదేశాల పిల్లల చదువును పోల్చే పీసా పరీక్షలో 2022లో అక్కడి పదిహేనేళ్ల పిల్లల సైన్స్ సగటు 356, ఎక్కువగా సంపన్న దేశాలుండే ఓఈసీడీ కూటమి సగటు 485. 2018లోనూ 357తో ఇదే తీరు. అక్కడి కె-12 (కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా) సిలబస్‌లో ఏటా బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, భూశాస్త్రం తలా కొంత చెప్పాలి. దాంతో బయాలజీ చదివిన టీచరే ఫిజిక్స్ కూడా లాక్కురావాలి, చాలాచోట్ల సరైన ల్యాబ్ కూడా లేకుండా.