ముంబయిలో ఒక రోజు తిరగబోతున్న మేనకోడలికి

బిడ్డా,

వచ్చే వారం ఇంటర్వ్యూకి ఒక్కదానివే ముంబయి పోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మర్నాడంతా ఊరు తిరిగి, ధారావి పేదల బస్తీనీ తాజ్ హోటల్‌నీ పక్కపక్కన పెట్టి రీల్ చేస్తావట. మన ఇంటి ఆడపిల్లల్లో ఒంటరిగా అంత దూరం పోయేది నువ్వే మొదలు. సంతోషంగానే ఉంది, కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

నీళ్ళ సీసా, బూట్లు, పవర్ బ్యాంకు. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

లోకల్ రైలు గురించి మాత్రం చెప్పాలి. పొద్దున జనమంతా ఆఫీసులకు దక్షిణం వైపు వస్తారు, సాయంత్రం ఉత్తరానికి పోతారు. నువ్వు వాళ్ళకు ఎదురు దిక్కున తిరుగు. ముందు తాజ్ ఉన్న కొలాబా చూసుకో, పదకొండు దాటాక చర్చిగేట్ స్టేషన్‌లో స్లో లోకల్ ఎక్కి, ధారావికి దగ్గరున్న మాహిమ్‌లో దిగు. లేడీస్ డబ్బాలోనే ఎక్కు. తలుపు దగ్గర నిలబడకు. అక్కడ గాలి బాగా వస్తుందంటారు. మేముండిన చాల్‌లో, అంటే ఇంటికో గది చొప్పున ఉండే కార్మికుల భవనంలో, కింది అంతస్తు పిల్లవాడూ అదే అనేవాడు. వాళ్ళమ్మ ఏడుపు నేను విన్నాను. వీడియో కోసం తల బయట పెట్టావని తెలిస్తే నీతో మాట్లాడను.

కొలాబాలో ఎవరైనా బిడ్డను ఎత్తుకొచ్చి, డబ్బులొద్దు, పాలపొడి డబ్బా కొనివ్వమంటే, వాళ్ళు చూపించిన షాపుకి పోకు. నువ్వటు పోగానే ఆ డబ్బా మళ్ళీ అల్మారా ఎక్కుతుంది. పెట్టాలనిపిస్తే వడాపావ్ కొని చేతిలో పెట్టు.

ఇక ఆ రీల్ సంగతి. మీ తాత వర్లీలో మిల్లు కార్మికుడని నీకు తెలుసు. బీడీడీ చాల్‌లో మాది 160 చదరపు అడుగుల గది. మీ నాన్న సిరిసిల్లలో ముసలవ్వ దగ్గర పెరిగాడు. ఫొటో స్టూడియోలో పని నేర్చుకునే రోజుల్లో, యజమానిని బతిమాలి కెమెరా తెచ్చుకుని ఒక ఎండాకాలం మా దగ్గరకొచ్చాడు. గేట్‌వే ఆఫ్ ఇండియా తీశాడు, సముద్రం తీశాడు. ఒకరోజు తెల్లవారుజామున నల్లా దగ్గర లైనును కూడా తీశాడు. ఆ లైనులో రెండు బకెట్లతో, జుట్టు ముడి ఊడిపోయి, పక్కావిడతో గొడవ పడుతున్నది మీ నాయనమ్మ. ఊరికి పోయి ఆ ఫొటో వాడకట్టంతా చూపించాడు. చెడ్డబుద్ధితో కాదు, ఫొటో బాగా వచ్చిందని.

మా అమ్మ ఊళ్ళో ఏం చెప్పుకుందో వాడికి తెలియదు. ఇంట్లోనే నల్లా ఉందని, హాయిగా ఉన్నామని చెప్పుకుంది. పండక్కి పోయినప్పుడు ఇస్త్రీ చీరలే కట్టేది. ఆ ఏడు సొంత తమ్ముడి పెళ్ళికి పోలేదు. జ్వరమని కబురు పంపింది. కొడుకును ఒక్క మాట కూడా అనలేదు, అది చూసి నాకు ఇంకా కోపమొచ్చింది. 1982 సమ్మెలో బాపు పని పోయాక అందరం ఊరికి వచ్చేశాం. అప్పుడు దాచడానికి ఏమీ మిగల్లేదు.

అందుకే చెబుతున్నా, ధారావిలో ఫోన్ సంచిలో పెట్టు. ఫొటోలు తీయనివ్వని టూర్లు ఉన్నాయి, అలాంటిదే ఎంచుకో. కుంభార్‌వాడాలో కుండలు చేసేవాళ్ళను చూడు, ప్లాస్టిక్ ఏరి, రంగులవారీగా వేరు చేసి, కరిగించే షెడ్లు చూడు. అక్కడివాళ్ళు పనిలో ఉంటారు, దారికి అడ్డం నిలబడకు. తోలు బ్యాగు నచ్చితే కొను. బేరం ఆడు, వాళ్ళూ ఆడతారు, అందులో తప్పులేదు. తలుపు తీసి ఉందని ఎవరింట్లోకీ తొంగిచూడకు.

తాజ్‌లో మాత్రం సిగ్గుపడకు. 1903 నుంచి ఉన్న హోటల్ అది. గుమ్మం దగ్గర బ్యాగు తనిఖీ చేస్తారు, 2008 దాడి తర్వాత అంతే, నిన్ను అనుమానించినట్టు కాదు. మొదటి అంతస్తులో సీ లౌంజ్ ఉంది. ధర ముందే అడుగు, అడిగితే పరువేమీ పోదు. కిటికీ దగ్గర కూర్చుని గేట్‌వే చూస్తూ టీ తాగు. ఆదివారాలు మేమంతా ఆ గోడ పక్కనుంచి నడిచేవాళ్ళం, మీ నాయనమ్మ ఆ గుమ్మం వైపు చూసేది కూడా కాదు.

వీలైతే వర్లీ పోయి చాళ్ళున్న చోట లేచిన టవర్లు చూడు. పాతవాళ్ళకు 500 చదరపు అడుగుల ఇళ్ళిస్తున్నారు.

నీ ఫోన్‌పేకి డబ్బులు పంపాను. అవి తాజ్ టీకే, ఆటోలకు కాదు. బిల్లు ఫొటో నాకు పెట్టు, అది తీసుకోవచ్చు. రాత్రి రైలెక్కగానే ఫోన్ చెయ్యి, ఎంత ఆలస్యమైనా మేలుకునే ఉంటాను.

మీ అత్తమ్మ