కరువు మీద నవల రాస్తానన్న మేనకోడలికి

బంగారూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి, 1876 నాటి ధాత కరువులో అనాథగా మిగిలిన మన ముత్తవ్వ కథను నవలగా రాస్తానంటున్నావట. "నువ్వైనా చెప్పక్కా, నా మాట వినదు" అన్నాడు. వాడికి నీ ఉద్యోగం గురించి టెన్షన్. నాది వేరే దిగులు. ఫోన్ పెట్టేశాక మేడ మీదికెక్కి, తిరుమల కొండ మీద మెట్లదారి దీపాలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. మన ఇంట్లో ఒక్కరికైనా ఈ పని చేయాలనిపించిందని గర్వంగా ఉంది. నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావేమోనని రాత్రంతా నిద్ర లేదు. ఫోన్‌లో చెప్తే సగం మింగేస్తానని కాగితం తీసుకున్నాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. రోజూ ఒకే వేళకు కూర్చో. రాసింది రెండు చోట్ల దాచుకో. మొదటి ప్రతి ఎవరికీ చూపించకు, నాకు కూడా. సెలవు అయిపోతే బుద్ధిగా ఉద్యోగానికి పో.

కాలం విషయంలో మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకో. 1876లో చిత్తూరు జిల్లా అనేదే లేదు, అది 1911లో వచ్చింది. చిత్తూరు, తిరుపతి అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. మదనపల్లె కడపలో. కార్వేటినగరం, పుంగనూరు, కాళహస్తి జమీందార్లవి. నీ కథలోని పిల్లకు ఇవేవీ తెలియవు. ఆమెకు తెలిసింది తన పల్లె, సంత జరిగే ఊరు, దూరంగా కనిపించే కొండ. ఆ కొండ కూడా నువ్వు బస్సులో ఎక్కే కొండ కాదు. ఘాట్ రోడ్డు 1944లో పడింది. దేవస్థానం పాలన 1933లో మొదలైంది. కరువు నాటికి గుడి హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది.

మదనపల్లె అంటే నీకు టమోటా మార్కెట్ గుర్తొస్తుంది. ఆ పిల్ల టమోటా మొహం చూసి ఉండదు. రాగి, సజ్జ, కొర్ర, ఉలవలు, అవి ఉంటే. లేనప్పుడు నాగజెముడు పళ్ళు, వేయించి దంచిన చింతగింజలు. వాళ్ళు 1876 అని లెక్కపెట్టలేదు. ధాత అన్నారు, మరుసటి ఏడు ఈశ్వర అన్నారు. "ధాత కరువు నాటికి నడిచే పిల్ల" అనేది మా అవ్వ తన తల్లి వయసు గురించి. ఏడేళ్ళని మేం కట్టుకున్న లెక్క.

మద్రాసు నుంచి రేణిగుంట, కడప మీదుగా రాయచూరు పోయే రైలు 1871 నాటికే ఉంది. పాకాల లైను అప్పటికి లేదు. గింజలు పట్టాల దాకా వచ్చినా పల్లెకు చేర్చాలంటే ఎద్దులు కావాలి కదా. మనుషుల కంటే ముందు ఎద్దులే పోయాయి. దీన్ని ఎక్కడో ఒక పేరాలో చెప్పి వదిలేయకు. ఖాళీ కాడి ఆనించిన గోడ పక్కన ఆ పిల్లను ఆడుకోనివ్వు.

చెన్నై ఎగ్మోరులో ఆర్కైవ్స్ ఉంది, ఉత్తర ఆర్కాటు కాగితాలు అక్కడ అడుగు. 1881లో కాక్స్ రాసిన ఆ జిల్లా మాన్యువల్, 1878లో డిగ్బీ ఈ కరువు మీద రాసిన రెండు సంపుటాలు చదువు. సర్కారు పెట్టిన కరువు పనులకు కూలికి వచ్చిన మనిషికి రోజుకు 1 పౌను గింజలు, 1 అణా చాలని, కరువు చూడడానికి పై సర్కారు పంపిన దొర రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో తేల్చాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. పొద్దున్నుంచి రాళ్ళు కొట్టే మనిషికి! అదే జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించారు. ఆ కూలితో మనుషులు నిలబడలేరని జనం ఆరోగ్యం చూసే అధికారి, మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా పోట్లాడాడు. అందుకని దొరలందరినీ ఒకే గాట కట్టకు. టెంపుల్‌ను పళ్ళు నూరే రాక్షసుడిగా కూడా రాయకు. శుభ్రమైన బల్ల ముందు కూర్చుని, శుభ్రంగా లెక్క వేసిన మనిషిని రాయి. నాకు వాడంటేనే ఎక్కువ భయం.

ఇక అసలు సంగతికి వస్తాను.

1973లో నాకు 22 ఏళ్ళు. తిరుపతిలో చదువుకుంటున్నాను. ఒక పత్రిక కథల పోటీ పెట్టింది. మా అవ్వ నా చిన్నప్పటి నుంచి ముక్కలు ముక్కలుగా చెప్పిన వాళ్ళమ్మ కథ నా దగ్గర ఉంది. గంజి పోసే పందిరి దగ్గర పిల్ల ఒంటరిగా దొరికింది. ఒక ఆసామి ఇంటికి తోడుకుపోయాడు. పదకొండేళ్ళు ఆ ఇంట్లో కూటికి జీతం ఉండింది. పేడకళ్ళు ఎత్తింది, మేకలు కాసింది, ఆ ఇంటి పిల్లల్ని చంకనేసుకుని పెంచింది. చేతికి ఒక్క దమ్మిడీ రాలేదు. నాకు తెలిసింది ఇంతే. ఆమె తల్లి ఏమైందో అవ్వ చెప్పలేదు, నేను అడగలేదు. అడగకుండానే రాసేశాను.

నా కథ మొదట్లోనే తల్లి ఆ పిల్ల చేయి విడిపించుకుని, పందిరి దగ్గర వదిలేసి, వెనక్కి చూడకుండా పోతుంది. పిల్ల అరుస్తూ ఉంటుంది. ఆకలి తల్లి గుండెను కూడా రాయి చేస్తుందని రాశాను. ఆ వాక్యం పడిన రాత్రి ఎంత మురిసిపోయానో నీకు చెప్పలేను. కథకు బహుమతి వచ్చింది. పత్రిక పట్టుకుని పల్లెకు పోయాను. అవ్వకు చదువు రాదు. వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను.

మధ్యలో ఆమె ఒక్క మాట అనలేదు. అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుంది. నా కథ ఏడిపించిందని సంతోషపడ్డాను. అప్పుడు అంది:

"మా అమ్మను వాళ్ళమ్మ పారేసి పోలేదు మేయ్. దాచిపెట్టింది."

తల్లి ఉన్న పిల్ల అని తెలిస్తే గంజి పోయరనీ, తల్లిని కరువు పనికి తోలేస్తారనీ పల్లెల్లో అనుకునేవాళ్ళట. నిజమో కాదో పోయి కనుక్కునే ఓపిక ఎవరికుంది? ఆమెకు అప్పటికే కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. పిల్లకు నేర్పించిందట, "ఎవరడిగినా అమ్మ లేదని చెప్పు" అని. తను దూరంగా చింతచెట్టు వెనక కూర్చునేది. పిల్ల గంజి తాగి, ముంత అడుగున కొంచెం మిగుల్చుకుని, చీకటి పడినాక తెచ్చేది. తల్లి అది తాగేది. అట్లా ఎన్నాళ్ళు జరిగిందో తెలియదు. ఒకరోజు ముంత నోటి దగ్గర పెడితే తాగలేదు. అమ్మ లేదని రోజూ అందరికీ చెప్పిన పిల్ల ఆ రాత్రి ఎవ్వరికీ ఏమీ చెప్పలేదు. పక్కన పడుకుంది.

అవ్వ ఇంతవరకే చెప్పింది. ఆ పల్లె ఏది, చెట్టు ఎక్కడ, ఆ తల్లి పేరేమిటి అని తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "ఎందుకులే మేయ్, నువ్వు రాసేసుకున్నావు కదా" అనేది. కోపంతో అన్నా బాగుండేది. మామూలుగా, చాటలో బియ్యం చెరుగుతూ అనేది. 1976లో పోయింది. బహుమతి డబ్బుతో నేను కొన్న చీర మడత కూడా విప్పలేదు. అది ఇప్పుడు నా బీరువాలో ఉంది. నువ్వు వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆ కరువులో హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫోటోలు నువ్వు చూసే ఉంటావు. ఎముకలు కనబడేలా మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీశాడు. వాళ్ళ ఊరు తెలియదు, పేరు తెలియదు. నేను మొదటిసారి చూసినప్పుడు పుస్తకం మూసేశాను. నా కథలో నేను చేసిందీ అదే కదా అనిపించింది. మన ఇంటి మనిషిని తెచ్చి, ఎముకలు బాగా కనబడేలా కూర్చోబెట్టాను. అందుకే చెప్తున్నాను, తెలియని చోట ఖాళీ వదిలెయ్. నవలలో ఒక పేజీ తక్కువైతే కొంపలేం మునగవు. చచ్చిపోయిన మనిషి మీద లేని పాపం వేస్తే దాన్ని దించడానికి ఆమె రాదు.

ఆసామి ఇంటి గురించి కూడా ఒక మాట. ఆమెను బతికించింది ఆ ఇల్లే, పదకొండేళ్ళ చాకిరీ మింగిందీ ఆ ఇల్లే. రెండూ రాయి, ఏదీ తగ్గించకు. ఊరి పేరు మాత్రం మార్చు. వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ మనకు పెళ్ళిపత్రికలు పంపుతారు. మీ నాన్న భయంలో కొంత ఇదీ ఉంది, పైకి చెప్పడు.

ఇంకోటి, నువ్వు వింటే నవ్వుతావేమో. రాసేటప్పుడు పస్తు ఉండొద్దు. నిన్ను నాకు తెలుసు, పరీక్షలప్పుడే కంచం పక్కన పెట్టేదానివి. ఆకలి ఎలా ఉంటుందో తెలుసుకోవాలని నేను ఆ కథ కోసం రెండు రోజులు పస్తున్నాను. అవ్వకు తెలిసి తిట్టింది. "రేపు తినొచ్చని తెలిసిన కడుపుది ఆకలి కాదే" అని సంగతి ముద్ద, ఉలవచారు ముందు పెట్టింది. ముత్తవ్వ చచ్చిపోయే దాకా కొంగు చివర గుప్పెడు రాగులు ముడి వేసుకునే పడుకునేదట. నువ్వు పస్తుంటే ఆమె ఊరుకునేది కాదు. పదకొండింటికల్లా తిని, లైటు ఆర్పి పడుకో.

ఆర్కైవ్స్ 50 ఏళ్ళ తర్వాత కూడా ఉంటుంది. పలమనేరులో మా చిన్నత్త ఉండదు. ఆమెకు 92 దాటాయి. ముత్తవ్వ చివరి రోజుల్లో ఆమె పక్కన పడుకున్న పిల్ల చిన్నత్తే. ఆ కొంగు ముడిని చేత్తో తాకిన మనిషి ఇంకెవరూ మిగల్లేదు. వచ్చే నెల కాదు, ఈ ఆదివారమే పో. బెంగళూరు నుంచి మూడు గంటలు కూడా పట్టదు. ఎడమ చెవి వైపు కూర్చో, కుడిది వినపడదు. వెళ్ళగానే ఫోన్ బయటికి తీసి రికార్డింగ్ పెట్టకు. ఆమె పెట్టింది తిను. మధ్యాహ్నం కాసేపు పడుకుని లేచాక మాట కదుపు. కథ అడగకు. "ముత్తవ్వ వాళ్ళమ్మ పేరేంటి చిన్నవ్వా?" అని మాత్రం అడుగు. తెలియదంటే బలవంతపెట్టకు.

ఇన్నేళ్ళలో నువ్వెందుకు అడగలేదత్తా అంటావు. అడగలేకపోయాను. అవ్వ అన్న మాట ఆమె నోట కూడా వస్తుందేమోనని పండక్కి పోయినప్పుడల్లా వేరే మాటలు మాట్లాడి వచ్చేశాను.

నువ్వు రమ్మంటే శనివారమే బయల్దేరి వస్తాను. లోపలికి రాను, వాకిట్లో అరుగు మీద కూర్చుంటాను. నువ్వు అడుగు. కొంచెం గట్టిగా అడుగు, నాకూ వినపడేలా.

మీ అత్త
బైరాగిపట్టెడ, తిరుపతి