ఐదు సీట్ల కారులో ఎనిమిది మంది: బీమా ఎందరికి?

ప్రశ్న: మాది ఐదు సీట్ల కారు. నాన్నగారి పేరున ఉంది, నడిపేది నేను. ఏడాదికి ఐదుసార్లయినా పిల్లాపెద్దా కలిపి ఎనిమిది మందిమి అందులోనే సర్దుకుని వెళ్తుంటాం. కాంప్రహెన్సివ్ పాలసీ ఉంది. ప్రమాదం జరిగితే అందరికీ పరిహారం వస్తుందా? ఏడు సీట్ల కారు కొనేయమంటారా?

జవాబు: ఆ ఎనిమిది మంది భారాన్నీ బీమా కంపెనీ మోయదు. పోలీసులు ఆపితే పడే జరిమానా చిన్నదే. బెల్టు లేనివారిని ఎక్కించుకుంటే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద 1,000 రూపాయలు, అదీ నడిపేవారి మీదే. అసలు దెబ్బ పరిహారం దగ్గర పడుతుంది.

ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో) సీటింగ్ కెపాసిటీ 5 అని ఉంటే అందులో డ్రైవరూ లెక్కే. అంటే ప్రయాణికులు నలుగురు. ఇలాంటి చిక్కే 2007లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. 42 మందికి బీమా ఉన్న బస్సులో 90 మంది ఎక్కారు. అందరి పరిహారాల్లోనూ పెద్దవి ఏవో చూసి, బీమా ఉన్న సంఖ్య మేరకు వాటి మొత్తాన్ని కంపెనీ జమ చేయాలని, దాన్ని బాధితులందరికీ దామాషాలో పంచాలని కోర్టు చెప్పింది. మిగతాది యజమాని నుంచే రాబట్టుకోవాలి.

దీన్ని మీ కారుకు అన్వయించి చూడండి. తప్పు మీదేనని తేలి, ఏడుగురు ప్రయాణికులకూ తలా 12 లక్షలు ఇవ్వాలని ప్రమాద పరిహారాలు తేల్చే ట్రైబ్యునల్ తీర్పిచ్చిందనుకుందాం. మొత్తం 84 లక్షలు. కంపెనీ కట్టేది నలుగురి లెక్కన 48 లక్షలు. మిగిలిన 36 లక్షలకు నాన్నగారి ఇల్లు, డిపాజిట్లు జవాబు చెప్పాలి. కారులో ఉన్నది బంధువులే కదా, కేసు ఎవరు వేస్తారని అనుకోకండి. ఇల్లు గడవనప్పుడు బాబాయి పిల్లలైనా వేస్తారు, వేయాలి కూడా. తప్పు ఎదుటి వాహనానిదైతే మాత్రం దాని థర్డ్ పార్టీ బీమా (ఆ వాహనం వల్ల నష్టపోయిన బయటివారికి ఇచ్చేది) నుంచి అందరూ పరిహారం అడగొచ్చు.

కారుకు ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే లోపల కూర్చున్న ఆ నలుగురికి కూడా రక్షణ ఉండదు. మీది కాంప్రహెన్సివ్ కాబట్టి ఆ బెడద లేదు. కానీ పేర్లు రాయని ప్రయాణికులకు ఇచ్చే వ్యక్తిగత ప్రమాద కవర్ (పాలసీలో ‘ఐఎంటీ 16’ అనే నంబరుతో ఉంటుంది) తీసుకుని ఉంటే దాని షరతులు ఒకసారి చదవండి. ప్రమాద సమయంలో కారులో ఇంతమందికి మించి ఉండకూడదని చివర్లో ఒక వాక్యం ఉంటుంది. దాన్ని చూపి అదనంగా ఎక్కినవారికే కాదు, సీటు ఉన్నవారికీ డబ్బు ఆపే వీలుంది.

మీరు అడగనిది ఇంకొకటి. పాలసీలో యజమాని-డ్రైవరుకు ఉండే 15 లక్షల కవర్ ఆర్‌సీలో పేరున్న నాన్నగారికే. స్టీరింగ్ దగ్గర కూర్చునే మీకు అది వర్తించదు. ముందు పూడ్చాల్సిన లోటు ఇదే. విడిగా వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. 2021 నుంచి ఉన్న సరళ్ సురక్షా బీమాలో 2.5 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఎంచుకోవచ్చు. ఆ పాలసీకి కారు ఎవరిదన్నదీ, అందులో ఎందరున్నారన్నదీ అనవసరం. ఇంట్లో సంపాదించే ప్రతి ఒక్కరికీ ఏడాది ఆదాయానికి పది రెట్లకు తగ్గకుండా ఈ కవర్ ఉండాలి.

బండి మరమ్మతు క్లెయిమ్ సంగతి కాస్త నయం. ఎక్కువమంది ఎక్కడం వల్లే ప్రమాదం జరిగిందని కంపెనీ రుజువు చేయలేకపోతే, ఆ ఒక్క సాకుతో తోసిపుచ్చడం కుదరదని సుప్రీంకోర్టు 2016లో తేల్చింది. అయితే క్లెయిమ్ ఫారంలో ‘ఐదుగురమే’ అని రాయకండి. ఎఫ్ఐఆర్‌లో, ఆసుపత్రి రికార్డుల్లో ఎనిమిది పేర్లూ ఉంటాయి. నష్టాన్ని లెక్కగట్టే సర్వేయర్ మొదట పోల్చి చూసేది వాటినే. నిలబడాల్సిన క్లెయిమ్ ఆ ఒక్క అబద్ధంతో పోతుంది.

ఇక ఏడు సీట్ల కారు. మీరు ఎనిమిది మంది! కొన్నాక కూడా ఒకరు ఒళ్లోనే కూర్చోవాలి. పైగా మీ కారుకూ దానికీ ధరలో తేడా 5 లక్షలనుకుంటే, 8 శాతం చొప్పున ఏడాదికి 40,000 వడ్డీ. ఐదు ప్రయాణాలకు పంచితే ఒక్కోదానికి 8,000. తరుగుదల ఇంకా కలపలేదు. అదే డబ్బుతో వెళ్లిన ప్రతిసారీ రెండో బండి అద్దెకు మాట్లాడుకోవచ్చు. అది పసుపు నంబర్ ప్లేటుదై ఉండాలి. తెలిసినవాళ్ల తెల్ల ప్లేటు కారును డబ్బిచ్చి తీసుకెళ్తే, అద్దెకు తిప్పకూడదన్న పాలసీ షరతు తప్పినట్టే. డిక్కీలో అదనపు సీటు బిగించే ఆలోచన ఉంటే మానుకోండి. తయారీదారు ఇచ్చిన సీట్ల అమరికను అలా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఆర్‌సీలో అంకె కూడా ఐదుగానే ఉంటుంది.