బోర్డు కింద చిన్నక్షరాలు చదవండి

ప్రశ్న: మాది నర్సీపట్నం దగ్గర పల్లె. నాన్నగారికి 68 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. ఈమధ్య పాదాలు వాస్తున్నాయి. ఒకరు గుండె అంటారు, ఇంకొకరు కిడ్నీ అంటారు. టెన్షన్‌గా ఉంది. విశాఖ వెళ్లాలంటే రోజంతా పోతుంది. ముందు ఎవరికి చూపించాలి?

జవాబు: ఎం.డి. జనరల్ మెడిసిన్ చదివినవారికి చూపించండి. దానికి సమానమైన డీఎన్‌బీ డిగ్రీ అయినా సరే. ఎంబీబీఎస్ తర్వాత మరో మూడేళ్ల చదువది. బోర్డు మీద 'ఫిజీషియన్' అని చూసి ఆగిపోకండి, కింద డిగ్రీ చదవండి. ముందు నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో ఆ డాక్టరు ఉన్నారా, ఏయే రోజుల్లో చూస్తారో కనుక్కోండి.

వెళ్లేటప్పుడు ఇంట్లో మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లండి, కొట్లో కొన్న నొప్పుల బిళ్లలతో సహా. నా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన మోకాళ్లకి రోజూ రెండు మింగేవారు. "అదీ మందేనా బాబూ?" అన్నారు. ఆ బిళ్లలే బీపీ పెంచి, వాపు తెచ్చి, కిడ్నీని దెబ్బతీయగలవు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్, గుండెకి ఈసీజీ చూస్తే దారి చాలావరకు తెలుస్తుంది. ఏదైనా అనుమానముంటే విశాఖకి ఆ డాక్టరే చీటీ రాసిస్తారు. పడుకుంటే ఊపిరాడకపోతే మాత్రం ఇవన్నీ వదిలేసి 108కి ఫోన్ చేయండి.