ఐక్యూ 96, చెస్‌లో జిల్లాలో మూడో స్థానం: మా బిడ్డను ఎంపీసీలో చేర్చొచ్చా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. పత్తి, మిర్చి వేస్తాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఏడు వరకు తెలుగు మీడియం, నిరుడు ఇంగ్లిష్ మీడియంకు మార్చాం. వాళ్ల తాత నేర్పిన చెస్ బాగా ఆడుతుంది. పోయిన నెల జిల్లా సెలెక్షన్స్‌లో మూడో స్థానం వచ్చింది. అదే నెలలో స్కూలుకు ఎవరో వచ్చి, పిల్లలందరినీ కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి ఐక్యూ టెస్టు పెట్టారు. రిపోర్టుకు 1,500 రూపాయలు తీసుకున్నారు. 96 వచ్చింది. మా బావమరిది నూటికి 96 అనుకొని స్వీట్లు పట్టుకొచ్చాడు. టీచరేమో అది సగటు కన్నా తక్కువ అన్నారు. రిపోర్టు చివర్లో ‘ఎంపీసీ సరిపడదు, సీఈసీ మేలు’ అని ఉంది. చెస్ కోచ్ మాత్రం, ఇంత ఆడే పిల్లకు లెక్కలు రాకపోవడమేమిటి, ఐఐటీ ఫౌండేషన్‌లో వేయండి అంటున్నాడు. రిపోర్టు వచ్చినప్పటి నుంచి అమ్మాయి చెస్ బోర్డు బయటికి తీయడం లేదు. ఎవరి మాట వినాలి?
ఒక తండ్రి, హన్మకొండ జిల్లా

జవాబు: ముందు మీ బావమరిదిని ఏమీ అనకండి. మేనకోడలు జిల్లాలో మూడోది వచ్చింది కదా, ఆ స్వీట్లు దాని కింద వేసుకోండి.

ఐక్యూ అనేది నూటికి వేసే మార్కు కాదు. ఆ వయసు పిల్లల సగటును 100 అని పెట్టుకొని, దానికి ఎవరు ఎంత ఇటు, ఎంత అటు ఉన్నారో చెప్పే అంకె. ప్రతి ముగ్గురిలో ఇద్దరు 85కూ 115కూ మధ్యే ఉంటారు. 96 అంటే ఆ గుంపు నడిమధ్య. పైగా సరైన పద్ధతిలో పెట్టిన మంచి టెస్టులో కూడా నాలుగైదు పాయింట్ల తేడా మామూలే. అదే పిల్ల ఇంకో రోజు రాస్తే 101 రావచ్చు, 92 కూడా రావచ్చు. టీచర్ గారు ‘సగటు కన్నా తక్కువ’ అన్నది అంకెల లెక్కన తప్పు కాదు గానీ, ఇంట్లో ఆ మాట పడిన బరువు మాత్రం అంకెకు మించినది.

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలిన వాళ్లకు తేమ మీటర్ సంగతి నేను చెప్పక్కర్లేదు. బండిలో ఒక పక్క పెడితే 11 చూపిస్తుంది, ఇంకో పక్క కాస్త లోపలికి గుచ్చితే 14. పన్నెండు శాతం దాటితే, పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు కొనరు కాబట్టి ఆ రెండు మూడు అంకెల మీదే గొడవంతా. పోనీ, మీటర్ సరిగ్గానే చూపించిందనుకుందాం. అప్పుడైనా అది చెప్పేది తేమ ఒక్కటే. పింజ పొడవు ఎంతో దానికి తెలియదు. ఐక్యూ టెస్టు కూడా అలాంటిదే. బొమ్మల్లో వరుస పట్టుకోవడం, మాటల మధ్య సంబంధం, విన్న అంకెలను గుర్తుంచుకోవడం, వేగం: ఇవీ అది చూసేవి. ఇవి అక్కరకు రానివని నేను అనను. స్కూలు మార్కుల్లో పిల్లకూ పిల్లకూ ఉండే తేడాలో సుమారు నాలుగో వంతు ఐక్యూతో ముడిపడి ఉంటుంది. తక్కినదంతా వేరేచోట ఉంది. ఏ పనికి ఎంతసేపు కూర్చుంటుంది, తప్పు చేస్తే ఏం చేస్తుంది, చెప్పే మాస్టారు ఎవరు, ఇంట్లో చదువుకోవడానికి ఒక మూల ఉందా లేదా. ఆ రిపోర్టులో వీటికి గడే లేదు.

ఇక మీటర్ ఎలా పెట్టారన్నది చూద్దాం. అసలైన ఐక్యూ పరీక్షలో శిక్షణ పొందిన సైకాలజిస్టు ఒక్క పిల్లతో గంటకు పైగా కూర్చుంటారు, పిల్లకు బాగా వచ్చిన భాషలో. మీ అమ్మాయి ఇంగ్లిష్ మీడియంకు వచ్చి రెండేళ్లు కాలేదు. గడియారం పరిగెడుతుంటే తెర మీద ఇంగ్లిష్ ప్రశ్న చదివి, మనసులో తెలుగులోకి తిప్పుకొని, అప్పుడు ఆలోచించి ఉంటుంది. ‘పడవకు తెడ్డు ఎలాగో, సైకిల్‌కు ఏది?’ అని తెలుగులో అడిగితే పెడల్ అని ఠక్కున చెప్పే పిల్ల, తెడ్డుకు ఇంగ్లిష్ మాట తెలియక ఆగిపోతుంది. ఆ ఆగడాన్ని కంప్యూటర్ ‘తర్కం తక్కువ’ అని రాసుకుంటుంది. నేనే ఈ కౌన్సెలింగ్ పనిలోకి వచ్చిన కొత్తలో ఇలాంటి రిపోర్టులు రంగు కాగితాల మీద ప్రింట్ తీసి తల్లిదండ్రుల చేతిలో పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. (వేలిముద్రలు చూసి తెలివి చెబుతామని వచ్చేవాళ్లు ఇంకా అధ్వాన్నం. దానికి శాస్త్రం ఆధారం ఏమీ లేదు. వాళ్లు మీ స్కూలుకు కూడా వస్తారు, జాగ్రత్త.)

ఈ పరీక్షలకు మూలపురుషుడు ఆల్‌ఫ్రెడ్ బినే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. 1905లో థియోడోర్ సిమోన్‌తో కలిసి మొదటి టెస్టు తయారుచేశాడు. బడిలో వెనకబడుతున్న పిల్లల్లో ఎవరికి అదనంగా చెప్పాలో తెలుసుకోవడం దాని పని. ఎవరిని ఏ కోర్సు నుంచి తప్పించాలో తేల్చడానికి ఆయన దాన్ని చేయలేదు. తెలివి పుట్టుకతో వచ్చి అంతటితో ఆగిపోయేదని వాదించేవాళ్లతో చివరిదాకా గొడవపడ్డాడు. మీకు నచ్చే విషయం ఇంకోటుంది. అదే బినే అంతకు పదేళ్ల ముందే, బోర్డు చూడకుండా చెస్ ఆడేవాళ్లను పరీక్షించి 1894లో పుస్తకం రాశాడు. వాళ్ల తలలో బోర్డు ఫొటోలా కనిపిస్తుందేమో అనుకొని మొదలుపెట్టాడు. తీరా చూస్తే వాళ్లకు గుర్తుండేది బొమ్మ కన్నా ఎక్కువగా ఆట సారం: ఎవరు దేని మీదికి వస్తున్నారు, ఎందుకు వస్తున్నారు అన్నది.

దీన్ని మీ ఇంట్లోనే చూడొచ్చు. అమ్మాయి ఎప్పుడూ చూడని ఒక ఆటను పత్రికలోంచి తీసుకొని మధ్యలో ఆపి, పావులు బోర్డు మీద పెట్టండి. ఐదు సెకన్లు చూపించి తువ్వాలు కప్పేయండి. పక్కన ఇంకో బోర్డు ఇచ్చి పేర్చమనండి. హన్మకొండ సుబేదారిలో నా గదిలో ఒక కుర్రాడితో ఇలాగే చేశాను. దాదాపు అన్నీ పెట్టేశాడు. ఒక ఏనుగు దగ్గర మాత్రం చెయ్యి ఆపి, ‘ఇది ఇక్కడుంటే గుర్రం పోతుంది కద సార్’ అని ఒక గడి పక్కకు జరిపాడు. అదే సరైన చోటు. తర్వాత అవే పావులను నేను కళ్లు మూసుకొని చెల్లాచెదురుగా పెట్టాను. ఐదారు పెట్టి, తల గోక్కొని, ‘ఇది ఆట కాదు సార్’ అన్నాడు. అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో మాస్టర్ స్థాయి ఆటగాడితో చేసి చూసినదీ ఇదే. అసలు ఆటైతే కొత్తవాళ్ల కన్నా ఎంతో ఎక్కువ గుర్తుంచుకున్నాడు, చెల్లాచెదురైతే వాళ్లతో సమానమయ్యాడు. చెస్ బలమంటే చాలా వరకు చెస్‌లోనే ఏళ్ల తరబడి పోగుచేసుకున్న సరుకు.

అందుకే కోచ్ మాటను కూడా సగమే తీసుకోండి. ఐక్యూకూ చెస్‌కూ సంబంధం ఉంది గానీ చిన్నది. పిల్లల్లో, కొత్తగా నేర్చుకునేవాళ్లలో కాస్త కనబడుతుంది, పెద్ద ఆటగాళ్ల దగ్గరికి వచ్చేసరికి పలచబడుతుంది. చెస్ నేర్పితే లెక్కలు వాటంతట అవే వస్తాయా అన్నది ఇంగ్లండ్‌లో వంద ప్రైమరీ స్కూళ్లలో, సుమారు నాలుగు వేల మంది పిల్లలతో పరీక్షించి 2016లో ఫలితం చెప్పారు. ఏడాది తర్వాత లెక్కల పరీక్షలో చెస్ నేర్చిన పిల్లలకూ నేర్వని పిల్లలకూ తేడా లేదు. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2018లో పద్నాలుగేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటాడు, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత అంత ఎత్తుకు వెళ్లిన రెండో భారతీయుడు. కోచ్‌లంతా ఇప్పుడు ఆ పేరే చెబుతారు, చెప్పుకోవాలి కూడా. కానీ 2800 అనే అంకె ఎదుటివాడి మీద గెలిచే అవకాశం ఎంతో చెబుతుంది. దాన్ని చూసి ఫిజిక్స్ మార్కులు ఊహించలేం.

మరి మీ అమ్మాయి ఎంపీసీకి పనికొస్తుందా? రెండు అంకెలూ పక్కన పెట్టి ఒక్కటి చూడండి. జిల్లా సెలెక్షన్స్‌లో ఎత్తులు రాసుకునే కాగితం ఉంటుంది. ఓడిన ఆట కాగితాన్ని ఇంటికొచ్చాక తీసి, ఎక్కడ పోయిందో వెతుక్కుందా? వెతుక్కునే పిల్లే అయితే, అదే పని లెక్కల్లో చేస్తుందా చూడండి. చాలామంది చేయరు. కాజీపేట నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి చెస్‌లో ప్రతి ఓటమినీ నోటుబుక్కులో ఎక్కించేవాడు. లెక్కల స్లిప్ టెస్టు పేపర్లు మాత్రం మార్కు చూసి బ్యాగు అడుగున కుక్కేవాడు. తప్పు చేసిన ప్రతి లెక్కనూ ‘ఓడిన ఆట’లా రాసుకోమన్నాను. మొదటి నెల విసుక్కున్నాడు, మూడో నెలకు అడగకుండానే తెచ్చి చూపించడం మొదలుపెట్టాడు. ఎంపీసీలో చేరాడు, ర్యాంకు గొప్పదేమీ కాదు, ఇష్టంగా మాత్రం చదువుకుంటున్నాడు.

మీకు ఇంకా పదో తరగతి మొత్తం చేతిలో ఉంది. ఇప్పుడే ఫౌండేషన్ బ్యాచ్‌కు డబ్బు కట్టొద్దు. ముందు తొమ్మిదో తరగతి బీజగణితం గట్టిపడాలి, దాంతోపాటు ఇంగ్లిష్‌లో ప్రశ్న చదివి అర్థం చేసుకోవడం కూడా. రెండోది కుదిరితే మొదటిది సగం తేలికవుతుంది. బాసర ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. పాలిసెట్‌కు పదో తరగతి సిలబస్ చాలు. ఎంపీసీ చదివి ఈఏపీసెట్ రాస్తే 160 ప్రశ్నల్లో 80 లెక్కలవే. వీటిలో ఎక్కడా ఐక్యూ కాగితం అడగరు. సీఈసీ తక్కువదని నేను అనడం లేదు, సీఏ చేయాలని ఆశపడే పిల్లకు అది మంచి దారి. ఒక కంప్యూటర్ ప్రోగ్రాం చెప్పిందని మాత్రం అందులోకి వెళ్లకండి. చెస్ ఆపాల్సిన పని లేదు. స్పోర్ట్స్ కోటా ఆశ ఉంటే సర్టిఫికెట్లు జాగ్రత్త చేయండి, చెస్‌ను లెక్కలోకి తీసుకుంటారో లేదో ఏ నోటిఫికేషన్‌కు ఆ నోటిఫికేషన్ చదువుకోండి.

పాప చదివేటప్పుడు అక్షరాలు తారుమారవుతున్నా, నోటితో బాగా చెప్పి రాతలో మాత్రం తడబడుతున్నా అప్పుడు పద్ధతిగా పరీక్ష చేయించడం మంచిది, ప్రభుత్వ పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడగండి. మీరు రాసినదాన్ని బట్టి నాకైతే ఆ అనుమానం లేదు.

నన్ను టెన్షన్ పెడుతున్నది మీరు ఉత్తరం చివర్లో రాసిన మాటే. బోర్డు తీయడం లేదన్నారు. ఈ రాత్రి రిపోర్టు గురించి ఏమీ మాట్లాడకండి. వాళ్ల తాతను వాకిట్లో బోర్డు పరిచి ఒంటరిగా కూర్చోమనండి, పావులు కావాలనే ఒకటి రెండు తప్పు గడుల్లో పెట్టమనండి. ఆమె సరిచేయడానికి వస్తుంది. నా దగ్గరికి వచ్చే రోజు రిపోర్టు ఇంట్లోనే ఉంచి, లెక్కల నోటుబుక్కు, ఓడిన ఆటల కాగితాలు తీసుకురండి.