మిడ్‌వైఫరీ చదువు: భయపడాల్సింది ఫీజుకు కాదు, నర్సరీ బిల్లుకు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటాం. కిందటేడు ఐఎల్ఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది. నాకు 33 ఏళ్లు, గుంటూరులో బీఎస్సీ చేశాను. బాబుకు ఆరేళ్లు, పాపకు ఈ నవంబరుకు మూడు నిండుతాయి. దగ్గర్లోని యూనివర్సిటీలో మిడ్‌వైఫరీ (కాన్పులు చేసే వృత్తి) డిగ్రీకి సీటు వచ్చింది, సెప్టెంబరులో మొదలు. మా వారి జీతం ఏడాదికి 46,000 పౌండ్లు, చేతికి నెలకు 2,900 వస్తుంది. నేను షాపులో పార్ట్‌టైమ్ చేసి 900 తెస్తున్నాను, అది మానేయాలి. పాప వారానికి మూడు రోజులు నర్సరీకి వెళుతుంది, నెలకు 380 కడుతున్నాం. దాచుకున్నది 14,000. ఫీజు కోసం మంగళగిరి దగ్గరి ప్లాటు అమ్మేద్దామని ఆయన, నగలు బ్యాంకులో పెట్టమని అన్నయ్య అంటున్నారు. పిల్లలతో ఈ మూడేళ్లు గట్టెక్కగలమా?

జవాబు: గట్టెక్కగలరు. ప్లాటు అమ్మొద్దు, నగలు కదపొద్దు, దాచుకున్న డబ్బులోంచి ఫీజుకు ఒక్క పౌండు కూడా కట్టొద్దు. ఆ 14,000 వేరే పనికి కావాలి.

ముందు ఫీజు సంగతి తేల్చేద్దాం. ఇక్కడ నేను వేసే లెక్కలన్నీ 2025-26 రేట్ల ప్రకారం. మీరు చేరేసరికి కొంచెం మారతాయి. ఫీజు ఏడాదికి 9,535 పౌండ్లు. ఐఎల్ఆర్ ఉండి, కోర్సు మొదలయ్యే నాటికి మూడేళ్లుగా ఇక్కడే ఉంటున్నవారికి స్టూడెంట్ లోన్ వస్తుంది. ఇప్పటికే ఒక డిగ్రీ ఉన్నవారికి మామూలుగా ఈ లోన్ ఇవ్వరు, ఇండియా డిగ్రీ అయినా సరే. చాలామంది మనవాళ్లు ఇది విని వెనక్కి తగ్గుతారు. కానీ ఫుల్‌టైమ్ నర్సింగ్, మిడ్‌వైఫరీలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. మీ బీఎస్సీ అడ్డం కాదు.

అప్పు అనగానే మన ఇళ్లలో గుండె గుభేలుమంటుంది. ఫీజు లోన్, ఇల్లు గడవడానికిచ్చే ఖర్చుల లోన్ కలిపి మూడేళ్లకు దాదాపు 43,000 అవుతుంది, చిన్న మొత్తం కాదు. అయితే మన ఊరి అప్పుకూ దీనికీ పోలిక లేదు. జీతం ఏడాదికి 25,000 దాటితే, ఆ దాటిన దాంట్లో 9 శాతం మాత్రమే జీతంలోంచి కోస్తారు. కొత్త మిడ్‌వైఫ్ జీతం ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) జీతాల మెట్లలో బ్యాండ్ 5 దగ్గర, ఏడాదికి 31,049తో మొదలవుతుంది. అంటే మీకు నెలకు 45 పౌండ్లు కోత. తర్వాత బ్యాండ్ 6కు, 38,682కు వెళితే నెలకు 100 పౌండ్ల పైచిలుకు. ఉద్యోగం లేని నెలలో కట్టేదేమీ ఉండదు. 40 ఏళ్లు గడిచాక మిగిలినది మాఫీ. ఇంత మెత్తటి అప్పును కాదని వడ్డీకి నగలు తాకట్టు పెట్టడం నష్టం బేరం. ఇక ప్లాటును విదేశాల్లో ఉండి అవసరంలో అమ్మితే ధర తగ్గుతుంది, కొన్నవాళ్లు టీడీఎస్ కూడా పట్టుకుంటారు.

మీకు వచ్చేవి చూద్దాం. ఎన్‌హెచ్‌ఎస్ లెర్నింగ్ సపోర్ట్ ఫండ్ నుంచి ఏడాదికి 5,000, పిల్లలున్నందుకు ఇంకో 2,000 ఇస్తారు. ఇది తిరిగి కట్టక్కర్లేదు, భర్త జీతం చూడరు. కాకపోతే ఏటా మళ్లీ అప్లై చేసుకోవాలి, దానంతటది రాదు. ఖర్చుల లోన్ మీ వారి ఆదాయాన్ని బట్టి ఉంటుంది. కనీసం 4,915 అనే లెక్కేసుకోండి. మొత్తం 11,915. షాపు జీతం ఏడాదికి 10,800. పోయేదానికంటే వచ్చేదే ఎక్కువ.

మరి చిక్కు ఎక్కడంటే, పాప నర్సరీకి 380 మాత్రమే కడుతున్నారంటే, మీరిద్దరూ ఉద్యోగం చేస్తున్నందుకు వారానికి 30 గంటల నర్సరీ ఉచితంగా వచ్చే సౌకర్యం వల్లే. దానికి తల్లిదండ్రులిద్దరూ వారానికి దాదాపు 195 పౌండ్లు సంపాదించాలి. చదువు ఉద్యోగం కింద లెక్కకు రాదు, పైన చెప్పిన గ్రాంటు సంపాదన కిందకు రాదు. మీరు షాపు మానేస్తే ఆ 30 గంటలూ పోతాయి. విద్యార్థులకిచ్చే చైల్డ్‌కేర్ గ్రాంట్ ఉంది కానీ మీ వారి జీతానికి అది రాదు. మీలాంటి మధ్యతరగతి ఇళ్లకు ఈ ఒక్క చోటే గట్టి దెబ్బ తగులుతుంది, ఇది న్యాయం కాదని నా అభిప్రాయం.

అదే మూడు రోజులకు పూర్తి రేటు నెలకు 1,150 అనుకుందాం. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నెలకు 770 అదనం. మూడేళ్లు నిండిన పిల్లలందరికీ వారానికి 15 గంటలు ఉచితం. నవంబరులో పుట్టింది కాబట్టి మీ పాపకు జనవరి 1 నుంచి. అప్పట్నుంచి అదనం 390కి దిగుతుంది. మొదటి ఏడాది 6,200, రెండో ఏడాది 4,700. మూడో ఏడాది పాప స్కూల్లోని మొట్టమొదటి క్లాసు రిసెప్షన్‌కు వెళ్లిపోతుంది. అంటే రెండేళ్లలో దాదాపు 11,000 మీ దాపుడు డబ్బులోంచి పోతుంది. ఆ 14,000ను ఫీజుకు వాడొద్దన్నది ఇందుకే. 30 గంటలు ఆగేముందు కొంత గడువు (గ్రేస్ పీరియడ్) ఉంటుంది, మీ ఊరి కౌన్సిల్‌ను అడగండి; నేను లెక్కలో కలపలేదు.

కొంత వెనక్కి రాబట్టుకోవచ్చు. మీరు ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే ఇంట్లో లెక్కకొచ్చేది ఒక్కరే కాబట్టి కౌన్సిల్ టాక్స్‌లో (ఇంటి మీద కట్టే పన్నులో) 25 శాతం తగ్గుతుంది. మీరు వాడుకోని పన్ను మినహాయింపులో కొంత భర్తకు మళ్లించే మ్యారేజ్ అలవెన్స్‌తో మీ వారి టాక్స్ ఏడాదికి 252 తగ్గుతుంది. పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ తీసుకుంటున్నారా? వీసా మీద ఉన్నప్పుడు తీసుకోకూడదని, ఐఎల్ఆర్ వచ్చాక కూడా అడగని వాళ్లు ఎందరో. ఇద్దరు పిల్లలకు వారానికి 43.30, ఏడాదికి 2,250 పైనే. పాత బాకీ మూడు నెలలకు మించి ఇవ్వరు, ఈ వారమే అప్లై చేయండి.

డబ్బు కన్నా కష్టం టైముతో. కోర్సు మొత్తం 4,600 గంటలు, అందులో సగం ప్లేస్‌మెంట్, అంటే ఆస్పత్రిలోనూ బయటా పని నేర్చుకోవడం, జీతం లేకుండా. చదువు పూర్తయ్యేలోగా మామూలుగా 40 కాన్పులు స్వయంగా చేయాలి. కాన్పు నర్సరీ టైము చూసుకుని రాదు. షిఫ్టు ఉదయం ఏడున్నర నుంచి రాత్రి ఎనిమిది అనుకోండి, నర్సరీ ఆరింటికే మూసేస్తారు. పైగా నర్సరీ సోమ, మంగళ, బుధ అని రోజులు ఖాయం చేస్తుంది. మీ రోటా (డ్యూటీ పట్టిక) మాత్రం ఒక వారం గురు, శని, ఆది అంటుంది. రోజులు మార్చుకోనిచ్చే చైల్డ్‌మైండర్ (తన ఇంట్లో పిల్లల్ని చూసుకునేవారు) దొరికితే రేటు కాస్త ఎక్కువైనా అక్కడే చేర్చండి. మీ వారు వారానికి రెండు సాయంత్రాలు ఐదున్నరకు ఇంటికి రాగలరా అన్నది ఆఫీసులో ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఆయన పని గంటలు ఖాయం కాకుండా ఈ బడ్జెట్ నిలబడదు.

అమ్మను పిలిపించుకుంటాం అంటారేమో. విజిటర్ వీసా మామూలుగా ఒక రాకకు ఆరు నెలలే, మనవల్ని చూసుకోవడానికి వరుసగా ఇక్కడే ఉంచుకోవడానికి కాదు. కష్టమైన ప్లేస్‌మెంట్ సమయానికి రప్పించుకోండి, మెడికల్ ఇన్సూరెన్స్ తప్పక తీయండి.

పాప స్కూలుకెళ్లాక చేరితే నర్సరీ భారం తప్పుతుంది కదా అని అనిపించవచ్చు. రెండేళ్లు ఆగితే 11,000 మిగులుతుంది, కానీ 31,000 జీతం రెండేళ్లు వెనక్కి పోతుంది. మళ్లీ సీటు వస్తుందన్న హామీ లేదు. కాబట్టి ఈ ఏడే చేరమంటాను. ఒక్క విషయం దాచను: ఇటీవల కొన్ని చోట్ల కొత్త మిడ్‌వైఫ్‌లకు వెంటనే పోస్టులు దొరకలేదు, అందుకే 2025 ఆగస్టులో ప్రభుత్వం కొత్తగా చదువు ముగించినవాళ్లకు పోస్టులు దొరికేలా గ్రాడ్యుయేట్ గ్యారంటీ ప్రకటించింది. చదువయ్యాక ఆర్నెల్లు ఆగాల్సి వచ్చినా ఇల్లు గడిచేలా 3,000 ముట్టుకోకుండా పక్కన పెట్టండి.

లోను, గ్రాంటు విడతల్లో వస్తాయి, మీరు చేరినట్టు యూనివర్సిటీ ధ్రువీకరించాకే. నర్సరీ మాత్రం ముందే కట్టించుకుంటుంది. ఆగస్టు చివరికల్లా మూడు నెలల నర్సరీ డబ్బు, దాదాపు 3,500, విడి ఖాతాలో ఉండేలా చూసుకోండి.